ఆల్ఫామాకు నల్ల గొడుగు

ఏప్రిల్ 18, 2025. శుక్రవారం

ఎనిమిదేళ్ళు కాదు సంజనా, ఏడు. "అమ్మ ఎనిమిదేళ్ళుగా వీల్‌చైర్‌లోనే కదా ప్రయాణం చేస్తోంది" అని ఇవాళ భోజనాల దగ్గర మీ ఆయన కౌశిక్‌తో అన్నావు. లెక్కా తప్పే, మాటా తప్పే. నేను వీల్‌చైర్‌లో ప్రయాణం చెయ్యలేదు. నన్ను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు. కూతురివి కాబట్టి సగం మార్కులు వేస్తున్నాను.

అది 2018 వేసవి, హైదరాబాద్ ప్రయాణం. మనవరాలు స్నిగ్ధకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇమిగ్రేషన్ దగ్గర వరస చూస్తే సాయంత్రం దాకా కదిలేలా లేదు అని ముందే నీకు బెంగ. మీ బ్యాంకులో ఎవరో ఉపాయం చెప్పారు. టికెట్ కొనేటప్పుడు పెద్దవాళ్ళ పేరు పక్కన వీల్‌చైర్ గడిలో టిక్కు పెడితే, కుర్చీ వెనకాలే కుటుంబమంతా పక్కదారిలో వెళ్ళిపోవచ్చట. "నువ్వు ఊరికే కూర్చో అమ్మా, చాలు" అన్నావు. కూర్చున్నాను. "కాలు మీద కాలు వేసుకోకు, చూస్తారు" అన్నావు. తీసేశాను. అప్పటినుంచి ప్రతి టికెట్ మీదా ఆ టిక్కు నా ఇంటిపేరులా ఉండిపోయింది. గల్ఫ్‌లో ఈ పని చెయ్యని తెలుగు కుటుంబాన్ని నేనింకా చూడలేదు. దుబాయ్‌లో విమానం ఎక్కేటప్పుడు ఇరవై కుర్చీలు బారుతీరి ఉంటాయి. హైదరాబాద్‌లో దిగగానే అందులో పదిహేనుమంది లేచి సామాన్ల బెల్టు దగ్గరికి పరుగెడతారు. మహిమలు చూడటానికి పుణ్యక్షేత్రాలకు వెళ్ళనక్కర్లేదు.

ఇప్పుడు బక్రీద్ సెలవులకి లిస్బన్ టూరు. అలవాటు కొద్దీ మళ్ళీ టిక్కు పెట్టావు. కంపెనీవాళ్ళు ఇవాళ కార్యక్రమం పంపారు. రెండో రోజు: "ఆల్ఫామా పాతపేట, కాలినడకన. వీల్‌చైర్ ప్రయాణికులకు హోటల్లో విశ్రాంతి."

ఆ పాతపేట కోసమే నేను వస్తానన్నది. మిగతా లిస్బన్ మీరు చూసుకోండి.

ఈ డైరీ మీ బ్యాంకువాళ్ళు నీకిచ్చిందే. నువ్వు దుబాయ్‌కి గంట దూరంలోని రాస్ అల్ ఖైమాలో హిందీ, అరబిక్ చదువుకుంటూ పెరిగావు. తెలుగు అక్షరాలు నీకు ముగ్గు గీతలు. కాబట్టి ఇక్కడ నిన్ను నిశ్చింతగా తిట్టుకోవచ్చు.

మోకాలు బాగానే ఉంది.

ఏప్రిల్ 19

నాకు ఈ పిచ్చి ఎక్కించింది స్నిగ్ధ. ఫిబ్రవరిలో నేను రెండు వారాలు మంచం మీద ఉన్నప్పుడు, బడి నుంచి వచ్చి ఫోనులో వీడియోలు చూపించేది. అందులో ఒకటి ఆల్ఫామా. కొండవాలు మీద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఉన్నాయి. వీధి అన్న మాటే లేదు, అన్నీ మెట్లే. తీగల మీద ఆరేసిన దుప్పట్లు. ఆ మెట్ల మీద ఒక ముసలావిడ బంగాళాదుంపల సంచీతో ఎక్కిపోతోంది. నా ఈడుది. కొంచెం ఎక్కువే ఉండొచ్చు. ఒక్కచోట ఆగలేదు, ఒక్కసారి వెనక్కి తిరగలేదు.

"అమ్మమ్మా, షీ ఈజ్ ఎయిటీ ప్లస్ అంట!" అంది స్నిగ్ధ.

ఆ వీడియో మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టమన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు రాస్ అల్ ఖైమాలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. రోజంతా నిలబడే చెప్పాను. ఆవిడ ఎక్కింది. నేనెందుకు ఎక్కలేను? ఇది రుజువు చెయ్యాల్సిన సిద్ధాంతం.

ఫిబ్రవరి సంగతి ఇక్కడ రాయను. స్నానాలగదిలో జారాను, లేచాను. పది నిమిషాలు.

ఏప్రిల్ 21

టూర్ మేనేజర్ ఫోన్ చేశాడు. పేరు కలీం. కడప.

"సలామమ్మా. ఏం లేదు మా, ఆల్ఫామా అంతా మెట్లు మా. రాళ్ళు నున్నగా ఉంటాయి. మీరు ఆ పూట హోటల్లోనే ఉండండి, నేను దగ్గరుండి మంచి భోజనం పంపిస్తా."

"నాకు నడక వచ్చు నాయనా."

"మా లిస్టులో వీల్‌చైర్ అని ఉంది మా."

"అది వరస తప్పించుకోడానికి పెట్టిన టిక్కు."

 అటువైపు నవ్వాపుకుంటున్న గొంతు. "అందరూ అట్లే పెడతారు మా. నిజంగా నడవలేనోళ్ళు ఎవరో, వరస కోసం కూచున్నోళ్ళు ఎవరో నాకెట్ల తెలియాల? పోయినేడు ఇట్లే ఒకాయన నడుస్తానన్నాడు. సగం దూరం నేనే మోసినా. మా ముదీర్, పెద్ద సారు, ఒప్పుకోడు."

"నీ ఆఫీసు ఎక్కడ?"

"నైఫ్ బజార్లో మా. మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"గురువారం వస్తున్నాను" అన్నాను.

ఏప్రిల్ 24

ఖుర్షీదా దర్జీ కొట్టు నైఫ్‌లోనే కాబట్టి తనని వెంటబెట్టుకున్నాను. నెల్లూరు మనిషి. నేను పనిచేసిన బడికి యూనిఫాంలు కుట్టేది, ముప్పై ఏళ్ళ స్నేహం. భర్త సనావుల్లాకి కొట్టు అప్పజెప్పి టేపు మెడలో ఉండగానే వచ్చేసింది.

మూడంతస్తులు ఎక్కాను. కలీం కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నలభై దాటినవాడు, జుట్టుకి గోరింటాకు పెట్టాడు.

"చూశావుగా, ఎక్కాను" అన్నాను.

"ఎక్కేది చూసినా మా. ఎక్కేదాంట్లో ఏముంది? దిగేది చూపించండి."

వాడు తెలివైనవాడు. ఏ క్లాసులోనైనా ఇలాంటివాడు ఒకడుంటాడు, వెనక బెంచీలో.

దిగాను. గోడ పట్టుకుని. ఒక చోట ఖుర్షీదా భుజం పట్టుకుని. రెండు చోట్ల.

కింద నిలబడి కలీం అన్నాడు, "డాక్టర్ దగ్గర ఒక లెటర్ తెండి మా. మెట్లు ఎక్కొచ్చు, దిగొచ్చు అని. ఆ లెటర్ ఉంటే వీల్‌చైర్ పేరు కొట్టేసి మిమ్మల్ని నడిచేవాళ్ళలో రాసుకుంటా. మే పదిహేను లోపల."

అటో ఇటో తేల్చేసే మనిషంటే నాకు గౌరవం.

రోడ్డు మీదికి వచ్చాక ఖుర్షీదా అందుకుంది. "ఏంది టీచరమ్మా నీకీ తిప్పలు? ఆ మెట్లమీద నీకేమన్నా సీటు ఖాళీగా పెట్టుండారా? బక్రీదుకి మా ఇంట్లో కూర్చో. నీకోసం విడిగా గిన్నెలు పెట్టి పాయసం చేస్తా."

"పాయసం వచ్చాక తింటాను."

"వచ్చేదానికి కాళ్ళుండాల గదా."

మోకాలు బాగానే ఉంది. ఐస్ పెట్టుకున్నది ఎండకు.

ఏప్రిల్ 28

నైఫ్ లాంటి పాత బజార్లు వదిలేస్తే ఈ దేశంలో మెట్లు లేవు. అంతా ఇసకబల్ల. ఎక్కాలంటే లిఫ్టు, దిగాలంటే మాల్‌లో ఎస్కలేటరు. మా అల్ నహ్దా బిల్డింగులో పదకొండో అంతస్తులో ఉంటూ ఏడేళ్ళలో ఒక్కసారి మెట్లు చూసిన పాపాన పోలేదు. ఇవాళ వెతికాను. నడవా చివర, బరువైన ఇనప తలుపు వెనక ఉన్నాయి. మంట లేస్తే పారిపోవడానికట.

నేనే మంట అనుకుని రేపట్నుంచి మొదలుపెడతాను.

మే 2

సంజనకి చెప్పాల్సిన విషయం కాదు కనుక ఇక్కడ.

అందరూ బయటికి వెళ్ళాక ఆ ఇనప తలుపు తోసి మెట్లలోకి వెళ్ళాను. వెనక తలుపు దానంతట అదే మూసుకుంది. ఒక అంతస్తు దిగి, మళ్ళీ ఎక్కి, తలుపు లాగాను. రాలేదు. లోపలి వైపు పిడే లేదు. పదో అంతస్తూ అంతే. తొమ్మిదీ అంతే. పారిపోయేవాళ్ళు వెనక్కి ఎందుకొస్తారని కట్టినవాళ్ళ ఆలోచన కాబోలు. తర్కం బాగుంది. ఫోను ఇంట్లో ఉంది. మిగిలిన దారి ఒక్కటే, కింది దాకా దిగడం.

ఎనిమిది దాకా లెక్కపెడుతూ దిగాను. ఏడు దగ్గర లెక్క ఆపేశాను. ఆరో అంతస్తు మలుపులో మెట్టు మీద చతికిలబడ్డాను. అలసిపోయి కాదు. ఆలోచించుకోడానికి.

కింది నుంచి బీడీ వాసన, తర్వాత చెప్పుల చప్పుడు. మా వాచ్‌మన్ లచ్చన్న. జగిత్యాల మనిషి, నా కంటే ఇరవై ఏళ్ళు చిన్న. నన్ను చూసి బీడీ వెనక్కి దాచాడు. నేను మోకాలు మీద చెయ్యి తీసేశాను. ఇద్దరం దొంగలమే.

"అమ్మా, గీ మెట్లల్ల ఏం జేస్తున్నరు? లిఫ్టు మంచిగనే ఉంది గదా."

చెప్పాను. మొత్తం. వీడియో ముసలావిడ దాకా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

లచ్చన్న నవ్వలేదు. "నేను పద్దెనిమిదేండ్లు సైట్ల మీద సిమెంటు బస్తాలు మోసిన. దిగుడుకే పానం పోతది. గట్ల కాదమ్మా. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందల వెట్టాలె. దిగేటప్పుడు నొచ్చే కాలు ముందల వెట్టాలె. గంతే."

"నాకు ఏ కాలూ నొయ్యడం లేదు."

"సరే అమ్మా. నొయ్యని ఎడమ కాలు ముందల వెట్టుండ్రి."

దిగాను. సూత్రం పనిచేసింది. ఇంత చిన్న సూత్రం నాకు డెబ్బై నాలుగేళ్ళకు దొరికింది.

మే 3

కదల్లేదు.

మే 5

ఒప్పందం. పొద్దున ఏడింటికి నేను మెట్లలోకి వెళ్తాను. లచ్చన్న పదకొండో అంతస్తు తలుపు పట్టుకుని నిలబడతాడు, ఏడుంబావు దాకా. తలుపు సందులో అట్టముక్క పెడదామంటే ఒప్పుకోలేదు. "ఫైరోళ్ళు చూస్తే నా నౌకరి ఖలాస్." మొదటి రోజు రెండు అంతస్తులు.

పదో అంతస్తు మలుపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ కనిపించింది. "గది మీకే. ఏడుంబావుకు తీసేస్త" అన్నాడు.

నేను కుర్చీలోంచి బయటపడటానికే కదా ఇదంతా చేస్తున్నది. దాన్ని చూడనట్టే దిగిపోయాను. దిగుతూ చెయ్యి మాత్రం దాని వీపు మీద వేశాను. దుమ్ము ఉందేమోనని.

మే 9

డాక్టరు దగ్గరికి ఖుర్షీదాతో వెళ్ళాను. మోకాలు అటూ ఇటూ వంచి, ఎక్స్‌రే చూసి, ఉత్తరం రాశాడు. "సమతలం మీద స్వయంగా నడవగలరు. మెట్లు ఎక్కగలరు." అక్కడిదాకా బాగుంది. ఆ తర్వాత ఒక వాక్యం ఉంది. "చేతికర్ర సాయంతో, మధ్యమధ్య విశ్రాంతితో."

సంజనకి మొదటి రెండు వాక్యాలూ చదివి వినిపించాను. "మంచిదేగా" అంది, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

కలీంకి ఫోటో పంపాను. పూర్తిగా చదివాడు. "కర్ర లేకుండా వస్తే బస్సులోనే మా."

మే 10

కర్ర పట్టను.

మే 14

ఖుర్షీదా నైఫ్‌లో మడతపెట్టే కర్ర ఒకటి చూపించింది. నీలం రంగు, పువ్వులు. "నువ్వు పట్టుకుంటే జెండాకర్ర మాదిరి ఉంటది టీచరమ్మా" అంది. ఆ మాట తర్వాత ఎవరు కొంటారు?

ఇంటికొచ్చాక ఉపాయం తట్టింది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో దుబాయ్ మునిగినప్పుడు అందరితో పాటు కౌశిక్ కూడా ఒక గొడుగు కొన్నాడు. పొడుగాటి నల్ల గొడుగు, వంకీ పిడి, అడుగున ఉక్కు మొన. కొన్న తర్వాత మళ్ళీ పెద్దగా వాన పడలేదు. బీరువా వెనక నిలబడి ఉంది పాపం, నాలాగే రిటైరై.

నేల మీద ఆనించి నడిచి చూశాను. సరిగ్గా నా చేతికందే ఎత్తు.

"అత్తయ్యా, గొడుగెందుకు?" అన్నాడు కౌశిక్.

"లిస్బన్‌లో వానలు పడతాయి."

"జూన్‌లోనా?"

"నువ్వు వెళ్ళొచ్చావా?"

వెళ్ళలేదన్నాడు. మంచి అల్లుడు.

కలీం వీడియో కాల్‌లో చూసి, "గొడుగంటే గొడుగే అనుకుందాం మా. పేరు కొట్టేస్తున్నా" అన్నాడు. గెలిచాను.

మే 16

నాలుగు అంతస్తులు. కుర్చీలో కూర్చోలేదు.

మే 17

నాలుగు. కూర్చోలేదు.

మే 20

రూము నంబరు సంగతేదో అడగడానికి కలీంకి ఫోన్ చేశాను. మాటల్లో అనేశాడు, "మీ అమ్మాయి గారు చెప్పినారు కదా మా, వీల్‌చైర్ అట్లే ఉంచమని. నడక పూట మీకు తోడుగా ఆమె హోటల్లో ఉంటానన్నారు."

"ఎప్పుడు చెప్పింది?"

వాడికి అర్థమైపోయింది. "అమ్మా, నాకు నమాజు టైమైంది" అన్నాడు. అప్పుడు పదకొండు కూడా కాలేదు.

సాయంత్రం సంజన రాగానే అడిగాను. బ్యాగు కూడా దింపలేదు.

"అవును, చెప్పాను. ఉత్తరం మొత్తం నేనూ చదివానమ్మా. నీ ఫోనులోంచి. నువ్వు వదిలేసిన వాక్యం కూడా."

"ఇతరుల ఉత్తరాలు చదవడం నేర్పింది నేను కాదు."

"సగం చదివి వినిపించడం నేర్పింది నువ్వేగా!" నిలబడే ఉంది. "ఫిబ్రవరిలో ఆ తలుపు తీసింది నేను. నువ్వెలా ఉన్నావో నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. ఆ మెట్ల మీద మళ్ళీ అలా చూడమంటే నా వల్ల కాదు."

"పది నిమిషాలకి ఇంత రాద్ధాంతమా" అన్నాను.

సంజన నా వైపు చాలాసేపు చూసింది.  బ్యాగుతోనే గదిలోకి వెళ్ళిపోయింది.

మే 21

మాటల్లేవు.

మే 22

మాటల్లేవు. సాంబారులో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

మే 24

కలీంకి నేనే చెప్పాను. టికెట్ నా పేరున ఉంది, ఉత్తరం నా పేరున ఉంది, మోకాళ్ళు రెండూ నా పేరునే ఉన్నాయి. మా అమ్మాయి ఏ పేరున మార్పించింది? "మీరిద్దరూ మాట్లాడుకోండి మా, నేను మధ్యలో నలిగిపోతున్నా" అన్నాడు. నలిగినా సరే నా పేరు నడిచేవాళ్ళలోనే రాశాడు.

సంజనతో స్నిగ్ధ చెప్పిందట. సంజన "సరే" అందట. ఆ "సరే" నాకు తెలుసు. నేను నేర్పిందే.

జూన్ 5. లిస్బన్

దిగగానే విమానాశ్రయంలో నా పేరు రాసిన కుర్చీ సిద్ధంగా ఉంది. సంజన దాని పక్కన నిలబడింది. నేను దాని పక్కనుంచి నడిచాను. మేమంతా వరసలో గంటన్నర నిలబడ్డాం. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. స్నిగ్ధ మాత్రం, "అమ్మమ్మా, ప్రిన్సిపుల్స్ ఆర్ వెరీ స్లో" అంది.

రేపు మధ్యాహ్నం ఆల్ఫామా. పొద్దున పండగ నమాజు చేసుకుని వస్తానని కలీం నడకను మధ్యాహ్నానికి మార్చాడు.

మోకాలు బాగానే

జూన్ 7, ఉదయం

నిన్నటిది వివరంగా రాసుకోవాలి. కిటికీలోంచి నది కనిపిస్తోంది, అందరూ ఇంకా లేవలేదు.

ఇరవై మందిమి. బస్సు కింద దించింది. కలీం పండగ చొక్కాలో, అత్తరు వాసనతో ముందు నడిచాడు. "ఆల్ఫామా అంటే మన అరబ్బీ మాటే మా. అల్ హమ్మా. వేడినీళ్ళ ఊట. ఒకప్పుడు ఈడ అరబ్బులుండేవాళ్ళు." నాకు రాస్ అల్ ఖైమాలో ఖత్ ఊట గుర్తొచ్చింది. సంజన చిన్నప్పుడు అందులో కాళ్ళు పెట్టి ఏడ్చేది. చెబుదామని పక్కకి తిరిగాను. మాటల్లేవని గుర్తొచ్చింది.

సన్నటి సందులు. చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. ఏదో సెయింటు పండగ నెలట, ఇంటికీ ఇంటికీ మధ్య రంగు కాగితాల తోరణాలు. మూల మూలనా చేపలు కాలుస్తున్నారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నీలం పలకలు అతికించిన గోడలు, కిటికీల్లో చొక్కాలు, ఏదో ఇంట్లోంచి ఏడుపో పాటో తెలియని గొంతు. వీడియోలో ఉన్నట్టే ఉంది. ఒక్కటే తేడా. వీడియోలో రాయి మెరుపు కనిపించలేదు.

అది సున్నపురాయి. మావారు వేణుగోపాలరావుగారు బతికినన్నాళ్ళూ రాస్ అల్ ఖైమా క్వారీలో పేల్చింది ఆ రాయినే. "సున్నపురాయి మెత్తటిదోయ్, కాళ్ళకి అరుగుతుంది, అరిగి అద్దమవుతుంది" అనేవారు. విన్నాను. వాడుకోలేదు.

మంచి కాలు ముందు. మొదటి వరస ఎక్కాను. రెండో వరసలో గొడుగు ఆనించాను. ఉక్కు మొన రాతి మీద కీచుమని జారిపోయింది. మనిషిని పక్కకి ఒరిగి ఇనప కమ్మీ పట్టుకున్నాను. పడలేదు. పడలేదు కానీ, కమ్మీ వదల్లేకపోయాను.  వెనకవాళ్ళు ఆగారు. ముందువాళ్ళు తిరిగి చూశారు.

కలీం గబగబా దిగొచ్చాడు. "అమ్మా, చాలు మా. ఈడనే ఉండండి. మేం పైకి పోయొస్తాం."

గొడుగు మొన వంక చూశాను. 

ఆ మలుపులో ఒక తలుపు, తలుపు బయట చెక్క కుర్చీ, కుర్చీలో ఒక ముసలావిడ. పక్కన చిన్న బల్ల మీద చెర్రీ సారా సీసా, చిట్టి గ్లాసులు. ఆవిడ లేచి, నా చేతిలోంచి గొడుగు లాక్కుంది. అడ్డంగా తిప్పి మొన చూసింది. మొనతో మెట్టుని కొట్టింది, ణంగ్‌మని. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. తప్పు లెక్క బోర్డు మీద చూసినప్పుడు నేను నవ్వే నవ్వు.

లోపలికెళ్ళి తన చేతికర్ర తెచ్చింది. దాని అడుగున ఉన్న రబ్బరు తొడుగు మెలితిప్పి ఊడదీసింది. నా గొడుగు మొనకి గుడ్డపీలిక చుట్టి ఆ రబ్బరు ఎక్కించి, అరచేత్తో గుద్దింది. మళ్ళీ మెట్టుని కొట్టింది. ఈసారి చప్పుడు లేదు.

స్నిగ్ధ ఫోనులో అనువాదం పెట్టింది. ఆవిడ పేరు ఎర్మెలిందా. ఎనభై ఒకటి. ఆ ఇంట్లోనే పుట్టింది.

"రాయి నున్నగా ఉంది" అన్నాను ఫోనుతో.

ఫోను ఆవిడ మాట చెప్పింది, "మేమే నున్నగా చేశాం. రోజూ నడిచి."

"మీరు ఇవన్నీ ఆగకుండా ఎక్కుతారా?"

ఆవిడ స్నిగ్ధని చూసి ఏదో గట్టిగా అంది. ఫోను ఒక్క క్షణం తడబడి చెప్పింది, "ఆగకుండా ఎక్కితే చచ్చిపోతాను."

స్నిగ్ధ ఆ వీడియో తీసి చూపించింది. బంగాళాదుంపల ముసలమ్మ. ఎర్మెలిందా కళ్ళజోడు పెట్టుకుని చూసి, పెదవి విరిచింది. "ఇందులో కూర్చున్నది లేదు. కత్తిరించేశారు." తర్వాత వేలు పైకి చూపించింది. పై మలుపులో ఒక కుర్చీ. దాని పై మలుపులో ఒక స్టూలు. ఇంకా పైన ఎవరిదో గుమ్మం ముందు ఒక దిండు. అవన్నీ అక్కడివాళ్ళు పెట్టుకున్నవే. ఎవరైనా కూర్చోవచ్చు.

నాలుగు నెలలుగా నేను పోటీ పడుతున్నది కత్తెరతో.

ఆవిడ తన కుర్చీ దులిపి నా వైపు జరిపింది. లచ్చన్న కుర్చీ గుర్తొచ్చింది. కూర్చున్నాను.

సంజన వచ్చి నా కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చుంది. పదిహేను రోజుల తర్వాత అంత దగ్గరగా. కలీం మిగతావాళ్ళని తీసుకుని పైకి వెళ్ళాడు. స్నిగ్ధ ఆవిడ బల్ల మీదున్న తులసిలాంటి గుబురు మొక్క వాసన చూడబోతే, ఆవిడ చెయ్యడ్డం పెట్టింది. ముక్కు పెట్టకూడదట. అరచేత్తో నిమిరి, చేతిని వాసన చూడాలట. స్నిగ్ధ నిమిరి, ఆ చెయ్యి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"సంజనా" అన్నాను. "పది నిమిషాలు కాదు."

తను తల తిప్పలేదు.

"మధ్యాహ్నం జొహర్ అజాన్ అయిన కాసేపటికి జారాను. ఫోను మంచం మీద ఉండిపోయింది. పిలిచాను. గోడ కొట్టాను. తర్వాత ఆపేశాను. అలా ఉండగానే సాయంత్రం అసర్ అజాన్ వినపడింది. ఆ తర్వాత నువ్వొచ్చావు."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నేనొచ్చేసరికి నీ చీర ఆరిపోయి ఉందమ్మా. నేల కూడా. పది నిమిషాల్లో తడిచీర ఆరదు. లెక్కల టీచరు కూతుర్ని."

 కింది సందులో ఎవరో ఎవర్నో భోజనానికి పిలుస్తున్నారు. ఏ దేశంలోనైనా ఆ కేక ఒకేలా ఉంటుంది.

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను." ముక్కు తుడుచుకుంది. "నాలుగు నెలలు పట్టింది. ప్రిన్సిపుల్స్ ఆర్ వెరీ స్లో."

నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే మోకాలు నొప్పి పుట్టింది. మోకాలు నొప్పిగా ఉంది. ఎడమది. చాలా రోజులుగా ఉంది. ఇక్కడ రాస్తున్నాను.

"ఇంకెన్ని మెట్లున్నాయో" అంది సంజన పైకి చూస్తూ. "దిగిపోదామా?"

"నిన్ను ఏమన్నా అడిగానా? చెయ్యి ఇవ్వు."

ఎక్కాం. మంచి కాలు ముందు. రబ్బరు జారలేదు. పై మలుపులో కుర్చీ మీద కూర్చున్నాం. ఒకటే కుర్చీ, నేను కూర్చున్నాను, తను నిలబడి నా కొంగుతో నాకు విసిరింది. తర్వాత స్టూలు. తర్వాత దిండు. దిండు మీద పిల్లి ఉంది, దాన్ని లేపడానికి స్నిగ్ధకి మనసొప్పలేదు, మెట్టు మీదే కూర్చున్నాను. మొదట్నుంచీ లెక్కపెడుతున్నాను. అరవై ఎంతో దగ్గర సంజన ఖత్ ఊట సంగతి ఎత్తింది, నీళ్ళల్లో ఏడ్చిన సంగతి. ఇద్దరం మాటల్లో పడ్డాం. లెక్క తప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. మళ్ళీ మొదలుపెట్టలేదు.

పైన తెల్లటి చర్చి, దాని ముందు అరుగు. కింద ఎర్రటి కప్పులన్నీ జారి నదిలోకి దిగుతున్నట్టున్నాయి. మా వాళ్ళు అప్పటికే ఫోటోలు అయిపోయి ఐస్‌క్రీములు తింటున్నారు. కలీం నన్ను చూసి చేతులు రెండూ ఎత్తాడు.

"మాషా అల్లా! టీచరమ్మ పాసు!"

"గ్రేస్ మార్కులతో" అన్నాను.

బస్సు కొండకి అటువైపు ఆగింది. కాబట్టి అటునుంచి అటే దిగిపోయాం. నొచ్చే కాలు ముందు. హోటల్‌కి వచ్చి గొడుగు మూల ఆనించాక చూశాను. ఎర్మెలిందా రబ్బరు దానికే ఉంది. ఆవిడ కర్ర ఇప్పుడు ఒట్టి కర్ర.

జూన్ 11. దుబాయ్

వచ్చేశాం. లిస్బన్ విమానాశ్రయంలో కుర్చీ తెచ్చినవాడు నా పేరు పిలిస్తే, నేనే వెళ్ళి కూర్చున్నాను. వీల్‌చైర్‌లో ఇదే నా మొదటి ప్రయాణం. కాలు మీద కాలు వేసుకోలేదు. వెయ్యలేను కనుక.

ఖుర్షీదాకి ఫోన్ చేశాను. "పాయసం దాచుంచినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంది, నీ మాదిరే" అంది. శనివారం వెళ్తాను. లచ్చన్నకి కుర్చీ ఉంచమని చెప్పాను. ఏడున్నర దాకా ఉంచుతాడట, ఫైరోళ్ళు ఎనిమిదికి గానీ రారట.

సంజనా, రేపు పొద్దున నీకు నోటితో చెప్తాను. మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. శనివారం నన్ను ఖుర్షీదా దగ్గర్నుంచి తీసుకురావడానికి నైఫ్ వస్తావుగా. దాని కొట్టు పక్క సందులో ఊతకర్రలూ నడుముపట్టీలూ అమ్మే మలయాళీ కొట్టు ఉంది. ఆ గొడుగు వెంట తీసుకెళ్ళు. దాని మొనకి సరిపోయే రబ్బరు తొడుగు ఒకటి తొడిగించి తీసుకో, కంటి కొలతతో కొనకు. గుడ్డపీలిక తీసేసి ఎర్మెలిందా పాత రబ్బరు చూపించు, లోపలి వెడల్పు అంతే ఉన్నవి ఆవిడ కర్రకి రెండు కొను. ఒకటి అరిగితే ఒకటి ఉంటుంది. పాతది కడిగి వాటితో పాటే కవర్లో పెట్టు, అది ఆవిడది. తలుపు నంబరూ సందు పేరూ స్నిగ్ధ తీసిన ఫోటోలో ఉన్నాయి, కవరు మీద నువ్వే రాయి, నా చేతిరాత పోస్టువాళ్ళకి అర్థం కాదు. మామూలు పోస్టు వద్దు, సంతకం తీసుకునేది పంపు. ఇంకొకటి. నల్ల రబ్బరు కొనకు, తెల్లరాయి మీద గీతలు పడతాయి. బూడిద రంగువి అడుగు.